ఆన్‌లైన్‌లో పెట్టిన జోకు ఉద్యోగం మీదికి వస్తే ఏం చేయాలి?

"మేడమ్, స్టేటస్ తీసేసినా. ఇంకేం చేయల్ల?"

కర్నూలులో ఒక ప్రైవేటు సంస్థలో పన్నెండేళ్లు హెచ్ఆర్ పని చూశాను. ఆ ఉద్యోగం వదిలేసినా ఈ ఫోన్లు మాత్రం ఆగలేదు. ఆదోని నుంచి ఒకరు, నంద్యాల నుంచి ఒకరు, బెంగళూరులో పనిచేసే మన పిల్లలు ఇంకొందరు. అందరిదీ ఒకటే కథ. తమాషాకు ఒక మాట పెట్టారు, ఎవరో స్క్రీన్‌షాట్ తీశారు, అది పది గ్రూపులు తిరిగి మేనేజర్ ఫోన్‌లోకి వచ్చింది. ప్రతిసారీ ఫోన్‌లో చెప్పేదే ఇక్కడ వరుసగా రాస్తున్నాను. మీరు ఇప్పుడు ఆ టెన్షన్‌లోనే ఉంటే తిన్నగా మొదటి మెట్టు దగ్గరికి వెళ్లండి.

దగ్గర పెట్టుకోవాల్సినవి

- ఒక నోటు పుస్తకం, పెన్ను. ఫోన్‌లో రాసుకోవద్దు, ఆ చేత్తోనే ఇంకో పోస్టు పెట్టేస్తారు.
- మీరు పెట్టిన పోస్టు కాపీ, పెట్టిన తేదీ, టైము.
- మీ అపాయింట్‌మెంట్ లెటర్. అందులో సోషల్ మీడియా గురించి, నోటీసు పీరియడ్ గురించి ఏముందో చూడాలి.
- మీకు తల ఊపని మనిషి ఒకరు. అక్కో, మామో, పాత సారో. "నీ తప్పేం లేదులే" అనేవాళ్లు ఈ పనికి పనికిరారు.
- ఒక లాయరు ఫోన్ నంబరు. ఫీజు ఇచ్చుకోలేకపోతే జిల్లా కోర్టు ప్రాంగణంలో న్యాయసేవాధికార సంస్థ ఉంటుంది, 15100కు ఫోన్ చేసినా దారి చూపిస్తారు. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగానే లాయరును ఇస్తారు.

1. ముందు కాపీ తీసుకోండి, తర్వాత తీసేయండి

చాలామంది గాబరాలో ముందు డిలీట్ కొట్టేస్తారు. తర్వాత మీరు అనని మాట కూడా మీ పేరు మీద తిరుగుతుంది. అసలు ఏం రాశారో చూపించడానికి మీ దగ్గర ఏమీ ఉండదు. అందుకే పోస్టు, దాని కింద కామెంట్లు, టైము కనిపించేలా స్క్రీన్‌షాట్లు తీసుకుని, వాటిని మీ మెయిల్‌కే పంపుకోండి.

ఆ తర్వాత వెంటనే తీసేయండి. మాటలు మార్చి ఉంచుదామనుకోవద్దు. ఫేస్‌బుక్‌లో పోస్టు మారిస్తే పాత మాటలు ఎడిట్ హిస్టరీలో కనబడుతూనే ఉంటాయి. వాట్సాప్ గ్రూపులో పెట్టిందైతే అందరి ఫోన్లలోంచీ తీసేయడానికి సుమారు రెండున్నర రోజులే గడువు. అది దాటితే గ్రూపు అడ్మిన్‌ను అడిగి చూడండి.

జాగ్రత్త: అప్పటికే పోలీసుల నుంచి ఫోన్ గానీ నోటీసు గానీ వచ్చి ఉంటే లాయరును అడగకుండా ఏదీ తీసేయకండి, ఫోన్ రీసెట్ అసలే చేయకండి. సాక్ష్యం మాయం చేశారన్న మాట కూడా మీద పడుతుంది.

"నాకున్నది 200 మందే కదా, ఎవరు చూస్తారు" అని ఊరుకోవద్దు. 2013 డిసెంబరులో అమెరికాలో పీఆర్ ఉద్యోగం చేసే ఒకామె లండన్‌లో కేప్‌టౌన్ విమానం ఎక్కబోతూ ఆఫ్రికా మీద, ఎయిడ్స్ మీద ఒక జోకు ట్వీట్ చేసింది. ఆమెను ఫాలో అయ్యేవాళ్లు 170 మంది. పదకొండు గంటల ప్రయాణం చేసి దిగేసరికి ప్రపంచమంతా ఆమె పేరే. ఉద్యోగం కూడా పోయింది.

2. ఎవరికి తగిలిందో పేర్లతో రాయండి

నోటు పుస్తకం ఇక్కడే అక్కరకొస్తుంది. పేజీని రెండు భాగాలు చేయండి. ఒక పక్క మీ జోకు నిజంగా గుచ్చుకున్నవాళ్లు, రెండో పక్క మిమ్మల్ని తిడుతున్నవాళ్లు. తిట్టేవాళ్లు వేలమంది ఉండొచ్చు. గుచ్చుకున్నవాళ్లలో మీకు తెలిసినవాళ్లు ఇద్దరో ముగ్గురో ఉంటారు, వాళ్లకు పేర్లుంటాయి, ఇళ్లుంటాయి. మీరు ఇకపై చేసే ప్రతి పనీ ఆ మొదటి పక్కన ఉన్నవాళ్ల కోసమే. నా అనుభవంలో, ఇది రాయకుండా క్షమాపణకు దిగినవాళ్లంతా రెండో పక్కవాళ్లకు జవాబులు చెప్పుకుంటూ మునిగిపోయారు.

3. చట్టం అంటుకునే జోకా? చూసుకోండి

కులం, మతం, ఆడవాళ్లు. జోకు ఈ మూడింట్లో దేని మీద ఉన్నా ఒక్క అక్షరం రాసే ముందు లాయరుతో మాట్లాడండి. ఎందుకో క్లుప్తంగా చెబుతాను.

2024 జులై 1 నుంచి ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత అమల్లో ఉంది. అందులో వర్గాల మధ్య వైరం పెంచితే 196వ సెక్షన్, మత విశ్వాసాలను కావాలని అవమానిస్తే 299, మహిళ గౌరవానికి భంగం కలిగిస్తే 79. మూడింటికీ మూడేళ్ల దాకా జైలు పడొచ్చు. ఎస్సీ, ఎస్టీ వ్యక్తిని కులం పేరుతో నలుగురి ముందు అవమానిస్తే 1989 నాటి అట్రాసిటీ చట్టం వర్తిస్తుంది. అందులో ముందస్తు బెయిలు మామూలుగా దొరకదు.

"66ఏ కొట్టేశారు కదా, ఏమీ కాదులే" అనే స్నేహితుడు ఒకడు ప్రతి గ్రూపులో ఉంటాడు. ఆన్‌లైన్‌లో నొప్పించే రాతలను నేరంగా చూసిన ఐటీ చట్టంలోని ఆ సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2015 మార్చి 24న కొట్టేసిన మాట నిజమే. పైన చెప్పినవి మాత్రం చెక్కుచెదరలేదు.

"నేను రాయలేదు, ఫార్వర్డ్ చేసినా అంతే" అన్నా లాభం లేదు. తమిళ నటుడు, మాజీ ఎమ్మెల్యే ఎస్.వి. శేఖర్ 2018లో మహిళా జర్నలిస్టులను కించపరిచే పోస్టు ఒకటి ఫేస్‌బుక్‌లో షేర్ చేశారు. తర్వాత తీసేశారు, క్షమాపణ కూడా చెప్పారు. అయినా కేసు ఆగలేదు. దాన్ని కొట్టేయడానికి 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు కూడా ఒప్పుకోలేదు.

పోలీసుల నుంచి హాజరు కమ్మని నోటీసు వస్తే దాక్కోకండి. ఏడేళ్ల లోపు శిక్ష పడే నేరాల్లో చాలాసార్లు ముందు ఈ నోటీసే ఇస్తారు. చెప్పిన రోజు వెళ్లినవాళ్లను పోలీసులు కారణం రాసి చూపిస్తే తప్ప అరెస్టు చేయకూడదు. వెళ్లకపోతే అదే అరెస్టుకు కారణమవుతుంది.

మన వైపు ఇంకో దారి కూడా ఉంది, పెద్దమనుషుల దగ్గర కూర్చోవడం. కులపెద్దలో, వార్డు నాయకులో పిలిచి "ఒక కాగితం రాసిచ్చెయ్, అయిపోతాది" అంటారు. కొన్నిసార్లు దాంతో వేడి తగ్గుతుంది కూడా. వెళ్లండి, వినండి, మర్యాదగా ఉండండి. సంతకం మాత్రం లాయరు చదివాకే. అట్రాసిటీ కేసు అలాంటి పంచాయితీలో మాసిపోదు. అక్కడ రాసిచ్చిన కాగితం రేపు కోర్టులో మీ ముందుకే రావచ్చు.

4. ఆఫీసుకు మీరే చెప్పండి, అదీ ఈ రోజే

హెచ్ఆర్ కుర్చీలో కూర్చున్నదాన్ని కాబట్టి గట్టిగా చెబుతున్నాను. స్క్రీన్‌షాట్ మాకు బయటివాళ్ల నుంచి వస్తే ఆ ఉద్యోగి మీద మొదటి నమ్మకం అక్కడే పోతుంది. ఉద్యోగే వచ్చి చెబితే కనీసం వినడానికి కూర్చుంటాం.

ముందు మేనేజర్‌కు ఫోన్, వెంటనే హెచ్ఆర్‌కు మెయిల్. మెయిల్‌లో నాలుగే విషయాలు: ఏం పెట్టారు, ఎప్పుడు పెట్టారు, ఎప్పుడు తీసేశారు, ఇప్పుడు ఏం జరుగుతోంది. స్క్రీన్‌షాట్ జతచేయండి. తగ్గించి చెప్పొద్దు. మీ ప్రొఫైల్‌లో కంపెనీ పేరు కనిపిస్తుంటే అది కూడా చెప్పండి. బయట జనం కంపెనీని ట్యాగ్ చేసేది దాన్ని పట్టుకునే.

కంపెనీలు ఈ విషయంలో ఎంత వేగంగా కదులుతాయో బెంగళూరులో ఉన్నవాళ్లకు తెలుసు. 2020 మార్చిలో, కరోనా మొదలైన రోజుల్లో, బయటికెళ్లి తుమ్మండి, వైరస్‌ను వ్యాపింపజేయండి అన్నట్టు పోస్టు పెట్టిన ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని పోలీసులు అరెస్టు చేశారు, ఆ పెద్ద కంపెనీ వెంటనే ఉద్యోగంలోంచి తీసేసింది.

ప్రభుత్వ ఉద్యోగులకు దారి వేరు. 1964 నాటి ప్రవర్తనా నియమావళి మీకు వర్తిస్తుంది. సస్పెండ్ చేస్తే ఉద్యోగం పోయినట్టు కాదు, జీవనభృతి వస్తుంది, ఛార్జి మెమోకు, అంటే మీ మీద ఆరోపణలు రాసిచ్చే కాగితానికి, రాతపూర్వకంగా జవాబు చెప్పుకునే హక్కు ఉంటుంది. సస్పెన్షన్ ఆర్డర్ చూసి రాజీనామా రాసిచ్చినవాళ్లు తర్వాత చాలా బాధపడ్డారు.

5. క్షమాపణ రాయడం

ఇక్కడే ఎక్కువమంది జారిపడతారు. ఒక కుర్రాడి సంగతి చెబుతాను.

మా ఆఫీసులో ఒకసారి అక్టోబరు మొదటివారంలో పెద్ద వాన పడింది. రోడ్డు మీద మోకాలి లోతు నీళ్లు. ఆ కుర్రాడు ఫోటో తీసి, 2009 వరద మీద ఒక జోకు జోడించి స్టేటస్ పెట్టాడు. ఆ జోకును ఇక్కడ రాయను. మీరూ మీ క్షమాపణలో మీ జోకును మళ్లీ రాయకండి, రాస్తే రెండోసారి పెట్టినట్టే. కర్నూలువాళ్లకు 2009 అక్టోబరు 2 అంటే ఏంటో చెప్పక్కర్లేదు. తుంగభద్ర, హంద్రీ రెండూ ఊరి మీద పడిన రోజు. మా అటెండర్ అక్కది పాతబస్తీ. ఇల్లు మునిగి, సామానంతా పోయి, పిల్లలతో మిద్దె మీద గడిపిన మనిషి. సాయంత్రానికి ఆ స్టేటస్ ఊరి గ్రూపులన్నీ తిరిగింది. "ఈ పిల్లోడు ఏ ఆఫీసు?" అని జనం అడగడం మొదలుపెట్టారు.

అతను మొదట రాసుకొచ్చింది ఇది: "నా స్టేటస్ వల్ల ఎవరి మనోభావాలైనా దెబ్బతిని ఉంటే క్షమించాలి. నా ఉద్దేశం అది కాదు. ఇది కేవలం సరదా కోసం పెట్టింది. నేను కూడా కర్నూలు బిడ్డనే."

నేను పెన్ను తీసుకుని ఒక్కో మాట కొట్టేశాను. "ఎవరివైనా" అంటే ఎవరివో ఇంకా తెలియలేదా? "తిని ఉంటే" ఏంటి, అక్క పొద్దున్నుంచి ఏడుస్తుంటే? "ఉద్దేశం కాదు" అనేది నీ గురించి, వాళ్ల గురించి కాదు. "సరదా" అన్నావంటే నవ్వనివాళ్లదే తప్పని. "కర్నూలు బిడ్డనే" అయితే తెలిసి ఉండాల్సింది.

"అట్ల కాదు మేడమ్, నిజంగానే ఊరికే పెట్టినా" అన్నాడు. అది నిజమే, నేనూ నమ్మాను. కానీ ఆ మాట చదివేవాళ్లకు అవసరం లేదు.

ఐదోసారి రాసింది ఇలా వచ్చింది: "నిన్న సాయంత్రం నా స్టేటస్‌లో 2009 వరద మీద జోకు పెట్టాను. ఆ వరదలో ఇళ్లు పోగొట్టుకున్నవాళ్లు మన ఊళ్లో వీధివీధికీ ఉన్నారు, మా ఆఫీసులోనే ఉన్నారు. వాళ్ల కష్టాన్ని నేను నవ్వులాట చేశాను. తప్పు నాదే. స్టేటస్ తీసేశాను. నన్ను క్షమించండి."

మీరు రాసింది సరిగ్గా ఉందో లేదో ఇలా పరీక్షించుకోండి. "కానీ", "అయితే", "ఉంటే", "సరదా", "ఉద్దేశం" అన్న మాటలకు సున్నా చుట్టండి. ఒక్కటి దొరికినా ఆ వాక్యం మళ్లీ రాయండి. తర్వాత మీకు తల ఊపని ఆ మనిషికి గట్టిగా చదివి వినిపించండి. ఆరేడు వాక్యాలు దాటితే మీరు మీ కథ చెప్పుకుంటున్నట్టే. ఎక్కడ జోకు పెట్టారో అక్కడే, ఒక్కసారే పెట్టండి. కులం, మతం, ఆడవాళ్ల విషయమైతే ఇది కూడా లాయరు చూశాకే.

6. మనిషి దగ్గరికి వెళ్లడం

పోస్టు పెడితే సగమే అయింది. నోటు పుస్తకంలో మొదటి పక్కన రాసిన పేరు దగ్గరికి వెళ్లండి. ముందు ఫోన్ చేసి, రావచ్చా అని అడిగి వెళ్లండి. వద్దంటే ఆగిపోండి, ఒక చిన్న ఉత్తరం రాసి పంపండి. తలుపు దగ్గర నిలబడి బతిమాలడం వాళ్లకు ఇంకో బాధ. పోలీసు కేసు నడుస్తుంటే అసలు వెళ్లొద్దు, సాక్షులను బెదిరించారంటారు.

ఆ కుర్రాడు అక్క ఇంటికి వెళ్లినప్పుడు నన్ను తోడు రమ్మన్నాడు. అక్క కుర్చీ వేసింది, మంచినీళ్లిచ్చింది, ఏమీ అనలేదు. గోడకు కొత్తగా సున్నం కొట్టించారు. తలుపు పైకమ్మీ కంటే జానెడు ఎత్తున, గోడ పొడవునా, మట్టి రంగు గీత ఒకటి ఉంది. దాని మీద మాత్రం సున్నం పడనివ్వలేదు. నీళ్లు ఎంతదాకా వచ్చాయో ఆ గీత. "అప్పుడు నీకెన్నేండ్లు నాయనా?" అని అడిగింది. "ఏడు" అన్నాడు. అంతకు మించి మాటలు సాగలేదు. వాడు క్షమించమని అడిగాడు. ఆమె సరే అనలేదు, వద్దనీ అనలేదు.

క్షమించామని వాళ్ల నోట అనిపించుకోవాలని చూడకండి. వెళ్లినట్టు ఫోటో తీయకండి, వీడియో అసలే వద్దు. "నన్ను క్షమించారు" అని మళ్లీ పోస్టు పెట్టినవాళ్లను చూశాను, రెండోసారి మంట రేగేది దానితోనే.

7. ఆ తర్వాత చేతులు కట్టేసుకోండి

కనీసం పదిహేను రోజులు మీ ఖాతాలో ఏమీ రాయకండి. ప్రొఫైల్ లాక్ చేసుకోవచ్చు, తప్పు లేదు. స్థానిక యూట్యూబ్ ఛానెల్ వాళ్లు "ఒక్క బైట్ ఇవ్వండి, మీ వైపు కూడా చెబుతాం" అంటారు. ఇవ్వకండి. మీరు పది నిమిషాలు మాట్లాడితే వాళ్లు వాడేది పది సెకన్లు. ఏ పది సెకన్లో మీ చేతిలో ఉండదు.

దొంగ ఖాతాతో మిమ్మల్ని మీరే సమర్థించుకోకండి. స్నేహితులను కామెంట్ల యుద్ధానికి పంపకండి. "డబ్బిస్తే ఆ పోస్టు తీసేస్తాం" అనేవాళ్లకు రూపాయి కూడా ఇవ్వకండి. ఒకసారి ఇస్తే నెలనెలా అడుగుతారు. అది బెదిరించి వసూలు చేయడమే, ఆ మెసేజ్‌లు దాచి ఫిర్యాదు చేయండి.

ఈ పదిహేను రోజుల్లో చేయాల్సిన పని ఒకటుంది. మీ పాత పోస్టులన్నీ వెనక్కి వెళ్లి చూడండి, జనం తవ్వుతారు. హాలీవుడ్ దర్శకుడు జేమ్స్ గన్ ఏళ్ల కిందట పెట్టిన చెత్త జోకులను 2018 జులైలో బయటికి తీశారు, డిస్నీ ఆయన్ను సినిమాలోంచి తీసేసింది. తప్పు ఒప్పుకుని, ఎవరినీ నిందించకుండా ఉన్నారు. 2019 మార్చిలో అదే సంస్థ మళ్లీ పిలిచింది. ఆయనకున్న పేరు మనకు లేదు, ఆ ఫలితం అందరికీ రాదు. ఓపిక మాత్రం పట్టొచ్చు.

8. షోకాజ్ నోటీసు వస్తే

మీ మీద చర్య ఎందుకు తీసుకోకూడదో చెప్పమని ఆఫీసు అడిగే కాగితం ఇది. భయపడి ఆ గంటలోనే జవాబు రాయకండి. గడువు ఎంతో చూడండి, అంతలోపు ఇవ్వండి. చాలకపోతే రాతపూర్వకంగా రెండు రోజులు అడగండి, మామూలుగా ఇస్తారు. సంజాయిషీలో ఒప్పుకోవాల్సింది ఒప్పుకోండి, మీరు చేయనిది ఉంటే చేయలేదని స్పష్టంగా రాయండి, మీరు ఇప్పటిదాకా తీసుకున్న చర్యలు తేదీలతో పెట్టండి. మొదటి మెట్టులో దాచిన స్క్రీన్‌షాట్లు ఇక్కడ పనికొస్తాయి.

"రాజీనామా ఇచ్చెయ్, రికార్డు బాగుంటుంది" అని పిలిచి చెప్పొచ్చు. అది కొన్నిసార్లు నిజంగా మంచిదే, ఎందుకంటే తర్వాతి కంపెనీ వెరిఫికేషన్‌లో తీసేశారన్న మాట రాకుండా ఉంటుంది. కానీ ఆ గదిలోనే సంతకం పెట్టకండి. ఒక రోజు టైము అడగండి. రిలీవింగ్ లెటర్, అనుభవ పత్రం, బాకీ జీతం, పీఎఫ్ వివరాలు ఏ తేదీకి ఇస్తారో మెయిల్‌లో రాయించుకున్నాకే రాజీనామా పంపండి. నేను ఆ బల్లకు అటువైపు కూర్చున్నదాన్ని. అడిగినవాళ్లకే ఇవన్నీ సవ్యంగా అందాయి.

9. బెదిరింపులు, ఇల్లు, నిద్ర

మీరు తప్పు చేశారు కదా అని మిమ్మల్ని చంపుతామనే హక్కు ఎవరికీ రాదు. ఆడపిల్లలకైతే వచ్చే మెసేజ్‌లు నేను చదవలేకపోయాను. ప్రతిదీ నంబరు, ఖాతా పేరు, టైముతో దాచండి. జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో గానీ దగ్గరి పోలీసు స్టేషన్‌లో గానీ ఫిర్యాదు ఇవ్వండి. ఇంటి మీదికి వస్తే 112. ఆ మెసేజ్‌లను ఇంట్లో ఇంకొకరితో చదివించి దాయించండి, మీరే కూర్చుని చదవొద్దు.

ఊళ్లో నాన్నకు ముందే ఫోన్ చేసి చెప్పండి. ఎమ్మిగనూరు నుంచి బంధువు ఫోన్ చేసి "మీవాడు టీవీలో వచ్చినాడంట" అంటే ఆయన అప్పుడు తెలుసుకోకూడదు.

రెండు రాత్రులు నిద్ర లేకపోతే, బతకాలని లేదనిపిస్తే టెలి మానస్ 14416కు ఫోన్ చేయండి. ఏ టైమైనా తీస్తారు, తెలుగులో మాట్లాడతారు, డబ్బులు పడవు. మిగిలిన మెట్లన్నీ ఆగినా పరవాలేదు, ఇది ఆగకూడదు.

ఫలితం ఎలా చూసుకోవాలి

రోజూ మీ పేరు వెతుక్కోకండి. పదిహేనో రోజు ఒకసారి, మూడో నెలలో ఒకసారి చాలు. ఫోన్‌లో ఇన్‌కాగ్నిటో తెరిచి మీ పేరును తెలుగులోనూ, ఇంగ్లిష్ స్పెల్లింగులోనూ, పక్కన ఊరి పేరు పెట్టి వెతకండి. మొదటి పేజీలో ఏమొచ్చిందో నోటు పుస్తకంలో రాసుకోండి. మూడో నెలకు ఆ జాబితా తగ్గితే మీ మౌనం పనిచేస్తోందని. పెరిగితే ఎక్కడో మీ మాటో, మీవాళ్ల మాటో కొత్తగా బయటికి వెళ్లిందని, అదేదో కనుక్కోండి.

ఆఫీసు విషయం తేలిందని నోటిమాటగా నమ్మకండి. విచారణ ముగిసిందని మెయిల్ రావాలి. మా ఆఫీసు కుర్రాడిని వారం సస్పెండ్ చేసి, కస్టమర్ల కౌంటర్ నుంచి లోపలి పనికి మార్చారు. ఆ మెయిల్ నేనే టైప్ చేశాను.

కొత్త ఉద్యోగానికి వెళ్తే ఇంటర్వ్యూలో దాచకండి, వాళ్లు వెతుకుతారు. అడిగితే మూడు వాక్యాలు చాలు: "ఫలానా ఏడాది ఒక జోకు పెట్టాను, అది కొందరిని బాధపెట్టింది. తప్పు ఒప్పుకుని క్షమాపణ చెప్పాను, కంపెనీ చర్య తీసుకుంది. అప్పటి నుంచి నా ఖాతాల్లో అలాంటిది ఏమీ లేదు, చూడొచ్చు." అద్దం ముందు నిలబడి, గొంతు వణక్కుండా వచ్చేదాకా చెప్పుకుని వెళ్లండి.

ఇక గుచ్చుకున్న మనిషి దగ్గర ఏమైందో వెతికితే తెలియదు. అటెండర్ అక్క ఆ కుర్రాడితో ఐదు నెలలు మాట్లాడలేదు. వాడు రోజూ పొద్దున నమస్తే పెట్టేవాడు, ఆమె పక్కకు చూసి వెళ్లేది. ఒకరోజు గ్యాస్ కేవైసీ కాగితం తెచ్చి వాడి టేబుల్ మీద పెట్టి, "ఇది నింపిపెట్టు నాయనా, నాకు రాదు" అంది.